ఇటలీలో రామయ్య, హొసకోటెలో కృష్ణయ్య

పోస్టు పెద్దది. కాఫీ కలుపుకుని తీరిగ్గా కూర్చుని చదవండి. కోపం వస్తే కామెంట్లలో తిట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ చివరిదాకా చదివాకే తిట్టండి.

మా వారూ నేనూ ఈ వేసవిలో కారు అద్దెకు తీసుకుని 12 రోజులు ఇటలీలో తిరిగొచ్చిన సంగతి మీకు తెలుసు. ఫొటోలు చూశారు, మెచ్చుకున్నారు, సంతోషం. అయితే వచ్చిన రోజు నుంచీ పార్కులో, గుడిలో, కూరగాయల బండి దగ్గర, ఎవరు కనబడినా ఒకటే మాట. "అక్కడి వాళ్ళకు క్రమశిక్షణ పుట్టుకతోనే వస్తుందండీ. మన జనానికి ఏడు జన్మలెత్తినా రాదు." మన సంఘం నుంచి యూరప్ వెళ్ళొచ్చిన ప్రతి జంటా ఈ మాటే చెబుతుంది. విన్నవాళ్ళందరూ తల ఊపుతారు. తర్వాత సమోసాలు తిని ఇంటికి వెళ్ళిపోతారు.

ఈ మాట అబద్ధం. మనకు బాగా సౌకర్యంగా ఉన్న అబద్ధం కాబట్టే ఇన్నాళ్ళు బతికింది. ఎందుకు అబద్ధమో మన సంగతుల్లోంచే చూపిస్తాను.

మేం బయలుదేరే ముందు మీలో కనీసం ఐదారు జంటలు ఫోన్ చేసి జాగ్రత్తలు చెప్పారు. ఆర్టీవో ఆఫీసులో వెయ్యి రూపాయలు కట్టి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది పనికొస్తుంది, అది లేకుండా అక్కడ మన లైసెన్సుతో నడపకూడదు అన్నారు ఒకరు. పాత ఊళ్ళ నడిబొడ్డున జెడ్‌టీఎల్ అని ఒక హద్దు ఉంటుంది, తెల్ల బోర్డు మీద ఎర్ర గుండ్రం కనిపిస్తుంది, అనుమతి లేకుండా దాటితే కెమెరా పట్టేస్తుంది అన్నారు ఇంకొకరు. ఆ హద్దు దగ్గర "వార్కో ఆత్తీవో" అని దీపాలతో వెలుగుతుంటే దారి తెరిచి ఉందనుకోకమ్మా, లోపలికి రావద్దని అర్థం అని ఒక పెద్దావిడ రెండుసార్లు చెప్పారు. ఫ్లోరెన్స్‌లోకి కారు తీసుకుపోవద్దు, హైవే పక్కనే విల్లా కోస్తాంజా అనే పార్కింగు ఉంది, అక్కడ ఆపి ట్రాము ఎక్కండి అన్నారు. తెల్ల గీతల్లో ఆపితే ఉచితం, నీలం గీతల్లో డబ్బు కట్టాలి, పసుపు గీతల జోలికే పోవద్దు అన్నారు. టోల్ గేటులో టెలిపాస్ లైనులోకి దూరొద్దు అన్నారు. హైవే మీద 130 దాకా పోవచ్చు కానీ వాన పడితే 110 దాటకూడదు అన్నారు.

ప్రతి జాగ్రత్తా మాకు పనికొచ్చింది. మనసారా ధన్యవాదాలు.

కానీ ఒక్క క్షణం ఆలోచించండి. ఇవన్నీ మీకు నోటికి వచ్చు. భాష తెలియని దేశంలో, ఎడమవైపు స్టీరింగున్న కారులో, కుడివైపు నడపాల్సిన రోడ్డు మీద, మీరు ఇవన్నీ నేర్చుకున్నారు, పాటించారు, ఇతరులకు నేర్పారు. ఇక "మన జనానికి రాదు" అన్న మాటకు అర్థమేముంది? మన జనమంటే ఎవరు? మీరు కాదా?

మా ప్రయాణం సంగతీ చెబుతాను. రోమ్ విమానాశ్రయం దగ్గర కారు తీసుకుని సియెనా, ఫ్లోరెన్స్, బొలోన్యా మీదుగా వెనిస్ దాకా వెళ్ళాం. వెనిస్‌లో కార్లకు దారే లేదు, పియాజాలే రోమా దగ్గరే ఆగిపోవాలి. మేం ఇంకా ముందే, మెస్త్రేలో ఆపి రైలెక్కాం. తిరుగుదారిలో ఎ1 హైవే పట్టుకుని దక్షిణానికి దిగాం. మిలాన్ నుంచి నేపుల్స్ దాకా సుమారు 760 కిలోమీటర్ల దారి అది, 1964లో పూర్తయింది. నేపుల్స్ దాటి సలెర్నో చేరాం. అమాల్ఫీ తీరం వెంట పోయే 163 నంబరు రోడ్డు ఇరుకు. వేసవి రద్దీ రోజుల్లో నంబరు ప్లేటు చివరి అంకె సరా బేసా చూసి బళ్ళను వదులుతారు. మాకెందుకొచ్చిన గొడవ అని కారు సలెర్నోలోనే పెట్టి పడవెక్కాం.

స్టీరింగు మా వారిది, ఫోనూ మ్యాపూ నావి. 28 ఏళ్ళ సంసారంలో నేను చెప్పిన మరుక్షణం ఆయన విన్నది ఈ 12 రోజులే. "ఏవండీ, ఇక్కడ 70" అనగానే కాలు బ్రేకు మీద పడేది. "ఎడమకు తిరగొద్దు, ఎర్ర గుండ్రం ఉంది" అంటే కిక్కురుమనకుండా తిన్నగా పోయి రెండు కిలోమీటర్లు చుట్టి వచ్చేవారు. ఒక్కసారి కూడా "నీకేం తెలుసు" అనలేదు. నాకు అనుమానమొచ్చి అడిగితే నవ్వి, "అద్దె కంపెనీ దగ్గర మన క్రెడిట్ కార్డు నంబరుంది కదా" అన్నారు.

అదీ సంగతి. అక్కడ మనల్ని బుద్ధిమంతుల్ని చేసింది ఇటలీ గాలీ కాదు, నీళ్ళూ కాదు. తప్పు చేస్తే బిల్లు తప్పదన్న నమ్మకం. మాకు ఇప్పటిదాకా ఏ జరిమానా రాలేదు. కానీ విదేశాల్లో ఉన్నవాళ్ళకు నోటీసు పంపడానికి వాళ్ళకు 360 రోజుల గడువుంది కాబట్టి వచ్చే వేసవి దాకా పోస్టుమాన్ కనబడితే మా వారి గుండె దడదడలాడుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఇటలీ వాళ్ళ "పుట్టుక" సంగతి చూద్దాం. 1989లో అక్కడ సీటు బెల్టు తప్పనిసరి చేసినప్పుడు నేపుల్స్‌లో ఏం అమ్మారో తెలుసా? ఛాతీ మీద అడ్డంగా నల్లటి బెల్టు బొమ్మ అచ్చువేసిన తెల్ల టీషర్టులు! దూరం నుంచి చూసే పోలీసుకు బెల్టు పెట్టుకున్నట్టే కనిపిస్తుంది. మన దగ్గర కారు బీప్ బీప్ అనకుండా బెల్టు రంధ్రంలో దూర్చే ఉత్తుత్తి క్లిప్పులు అమ్మినట్టే అన్నమాట. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో పోయారు, వెనక సీట్లో బెల్టు పెట్టుకోలేదు. ఆ తర్వాత, 2023 మేలో, ఆ క్లిప్పుల అమ్మకం ఆపమని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ దుకాణాలను ఆదేశించాల్సి వచ్చింది. తెలివితేటల్లో మనం నేపుల్స్‌కి తీసిపోలేదు, నేపుల్స్ మనకు తీసిపోలేదు.

మరి వాళ్ళు ఎలా మారారు? 2001లో ఇటలీ రోడ్ల మీద 7,096 మంది చనిపోయారు. 2003లో లైసెన్సుకు పాయింట్ల పద్ధతి తెచ్చారు. ఒక్కొక్కరికి 20 పాయింట్లు, తప్పు చేసినప్పుడల్లా కోత, సున్నాకు చేరితే మళ్ళీ పరీక్ష రాయాలి. తర్వాత హైవేల మీద సగటు వేగం కొలిచే కెమెరాలు పెట్టారు. కెమెరా కనబడగానే బ్రేకు వేసి, దాటగానే తొక్కే చమత్కారం దాని ముందు పనిచేయదు. ఇక్కడ దాటావు, అక్కడ తేలావు, మధ్యలో ఎంత సేపు పట్టింది, అంతే లెక్క. 2016లో రోడ్డు మీద నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే దాన్ని ప్రత్యేక నేరంగా పెడుతూ చట్టం చేశారు. 2023కి చావులు 3,039కి దిగాయి. 22 ఏళ్ళలో సగానికి పైగా తగ్గాయి. ఈ 22 ఏళ్ళలో ఇటలీ వాళ్ళ రక్తం మారిందా? మనుషులు వాళ్ళే. పద్ధతి మారింది.

ఆ మార్పు కూడా పూలదండలతో రాలేదు. మేం ఆగిన బొలోన్యానే తీసుకోండి. 2024 జనవరిలో ఊరి లోపల చాలా వీధుల్లో గంటకు 30 కిలోమీటర్ల హద్దు పెట్టారు. జనం గగ్గోలు పెట్టారు. రోమ్‌లో కూర్చున్న రవాణా మంత్రే అడ్డం తిరిగాడు. ఆ ఏడాది బొలోన్యాలో నడిచి వెళ్ళే మనిషి ఒక్కరు కూడా బండి కింద పడి చావలేదు.

అదే 2023లో మన దేశంలో రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1.72 లక్షలకు పైగా. జనాభాలో మనం ఇటలీకి సుమారు 24 రెట్లు. రోడ్డు చావుల్లో 56 రెట్లు. మన దగ్గర కారున్న ఇళ్ళు వాళ్ళకంటే ఎంతో తక్కువని కూడా గుర్తుపెట్టుకోండి. అంటే చచ్చేవాళ్ళలో చాలామంది కార్లలో ఉన్నవాళ్ళు కాదు. స్కూటర్ల మీద ఉన్నవాళ్ళు, సైకిళ్ళ మీద ఉన్నవాళ్ళు, నడిచేవాళ్ళు.

ఇక మన గేటు దగ్గరికి వస్తాను. మీలో కొందరికి ఇక్కడే చదవడం ఆపాలనిపిస్తుంది. ఆపకండి.

బెంగళూరు వైపు నుంచి వచ్చేవాళ్ళు మన లేఅవుట్‌లోకి రావాలంటే ఫ్లైఓవర్ దాటి, కింద యూటర్న్ తీసుకుని, సర్వీస్ రోడ్డు పట్టుకోవాలి. చుట్టు ఒకటిన్నర కిలోమీటరు. రాంగ్ సైడులో వస్తే 400 మీటర్లు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా గేటు పక్కన నిలబడి చూడండి, సగం కార్లు ఎదురుదారిలోనే వస్తాయి. లైట్లు హై బీములో, హారన్ మోగిస్తూ, సరైన దారిలో వస్తున్న స్కూటరువాణ్ణి పక్కకు తప్పుకోమని తిడుతూ. ఆ కార్ల వెనక అద్దం మీద మన సంఘం స్టిక్కరు ఉంటుంది. సియెనాలో ఎర్ర గుండ్రం చూసి రెండు కిలోమీటర్లు చుట్టి వెళ్ళిన మనుషులే, సొంత ఇంటికి చేరడానికి ఒకటిన్నర కిలోమీటరు చుట్టలేరు. ఇంట్లో రామయ్య, వీధిలో కృష్ణయ్య అంటారే, మనది దాన్ని తిరగేసిన కథ. పరాయి వీధిలో రామయ్య, సొంత వీధిలో కృష్ణయ్య.

రెండు నెలల కిందట తెల్లవారుజామున మన లేఅవుట్‌కు పాలు వేసే కుర్రాణ్ణి అక్కడే ఒక కారు గుద్దింది. వాడు సరైన దారిలో వస్తున్నాడు. కారు ఎదురుదారిలో వచ్చింది. కారు మనవాళ్ళదే. తొడ ఎముక విరిగింది, రాడ్ వేశారు. వాడు ఇంకా కర్ర సాయంతోనే నడుస్తున్నాడు. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపులో ఏం రాసుకున్నామో ఎవరి ఫోన్లో వాళ్ళు పైకి జరిపి చూసుకోండి. "మనవాడే కదా, పోలీసుల దాకా ఎందుకు", "పదివేలు ఇచ్చి సర్దేద్దాం", "కుర్రాడు కూడా స్పీడుగానే వచ్చుంటాడు". నేను కేసు పెట్టించాలని రాస్తే కింద నాలుగు దండాల బొమ్మలు పెట్టి విషయం మార్చేశారు. మర్నాడు అదే గ్రూపులో ఇంకో జంట స్విట్జర్లాండ్ ఫొటోలు పెడితే "ఎంత శుభ్రం, ఎంత క్రమశిక్షణ" అని నలభై కామెంట్లు.

ఆ కుర్రాడిది చింతామణి వైపు ఊరు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. మన సంఘంలో సభ్యత్వం లేదు, అంతే తేడా. "మనవాడు" అన్న మాటకు హద్దు కారున్న చోట మొదలై కారు లేని చోట ఆగిపోతుందా?

ఇప్పుడు మీరు చెప్పబోయే జవాబులకు వస్తాను. ఎదురుపడినప్పుడు అన్నీ విన్నాను.

మొదటిది, "అక్కడ రోడ్లు బాగుంటాయి, ఇక్కడ గుంతలు. యూటర్న్ అంత దూరంలో పెట్టింది ఎవరి తప్పు?" నిజమే. ఆ యూటర్న్ పెట్టిన చోటు తెలివితక్కువదే. దానికి మనం ఒక్క అర్జీ అయినా ఇచ్చామా? సంక్రాంతి ముగ్గుల పోటీకి పర్మిషన్ కోసం మూడు ఆఫీసులు తిరిగిన కమిటీ, ఈ యూటర్న్ గురించి హైవే అథారిటీకి ఒక్క కాగితం పెట్టలేదు. ఎందుకంటే రాంగ్ సైడు దారి మనకు ఎలాగూ ఉంది. కాగితం రాయడం కంటే ఎదురెళ్ళడం సులువు. ఇక్కడి మాటలో చెప్పాలంటే "స్వల్ప అడ్జస్ట్ మాడి". అడ్జస్ట్ అయ్యేది ఎప్పుడూ స్కూటరువాడే, మనం కాదు.

రెండోది, "పోలీసులే పట్టించుకోరు, మనమెందుకు?" ఇందులో సగం నిజముంది, ఆ సగం మీద నాకు మీకంటే ఎక్కువ కోపం. 2019 సెప్టెంబరు 1 నుంచి దేశమంతా జరిమానాలు పెంచారు. అదే నెలలో మన కర్ణాటకలో చాలావాటిని తగ్గించారు. 2023 ఫిబ్రవరిలో బకాయిపడ్డ చలానాల మీద 50 శాతం రాయితీ ఇచ్చారు. జనం వరసలు కట్టి మరీ కట్టారు. ఆ తర్వాత ఆ రాయితీ మళ్ళీ వచ్చింది. ఇటలీలోనూ రాయితీ ఉంది. ఐదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గిస్తారు. తేడా చూశారా? అక్కడ వెంటనే కట్టినవాడికి తగ్గింపు. ఇక్కడ ఏళ్ళ తరబడి ఎగ్గొట్టినవాడికి తగ్గింపు. సమయానికి పూర్తి జరిమానా కట్టినవాడు ఇక్కడ వెర్రివాడు. ప్రభుత్వం చేసింది తప్పే. కానీ ఆ రాయితీ వచ్చినప్పుడు మన గ్రూపులో "భలే ఆఫర్" అని లింకు పంచుకున్నది ప్రభుత్వం కాదు కదా.

పైగా కర్ణాటకలో ఏదీ పనిచేయదన్నది కూడా నిజం కాదు. బెంగళూరు–మైసూరు హైవే మీద 2023 ఆగస్టు 1 నుంచి బైకులనూ ఆటోలనూ ఆపారు, తర్వాత కెమెరాలు పెట్టారు. చావులు బాగా తగ్గాయని పోలీసులే ప్రకటించారు. ఇదే రాష్ట్రం, ఇదే జనం.

మూడోది, "వాళ్ళది డబ్బున్న దేశం". రాంగ్ సైడులో పోకుండా ఉండడానికి ఎంత ఖర్చవుతుందో ఎవరైనా లెక్క వేసి చెప్పండి. కిలోమీటరు పెట్రోలు. పది రూపాయలు కూడా కాదు. ఇద్దరికి ఇటలీ ప్రయాణానికి మనం పెట్టే డబ్బుతో జీవితాంతం ఆ యూటర్న్ చుట్టవచ్చు.

నాలుగోది, "సంఘం ఉన్నది పండగలకు, పిల్లల తెలుగు తరగతులకు. ఈ గొడవలెందుకు?" పిల్లల తరగతికి వాళ్ళను దింపడానికి వచ్చే కార్లే కదమ్మా ఎదురుదారిలో వచ్చేవి. వేమన పద్యం నేర్పడానికి తీసుకెళుతూ, వెనక సీట్లో కూర్చున్న పిల్లాడికి మనం ముందుగా నేర్పుతున్న పాఠం ఏమిటి? దొరకనంత వరకూ ఏదీ తప్పు కాదని.

ఇంకో ముఖ్యమైన సంగతి. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మొదలయ్యేది మన హొసకోటె దగ్గరే. 262 కిలోమీటర్ల దారిలో కర్ణాటకలో ఉన్న 71 కిలోమీటర్లు, బేతమంగల దాకా, 2024 చివర్లోనే వాహనాలకు వదిలారు. 120 వేగానికి కట్టిన రోడ్డు అది. మన పిల్లలు ఆదివారం తెల్లవారుజామున దాని మీద కార్లు "పరీక్షించి" వస్తున్నారు, తండ్రులు స్పీడోమీటరు ఫొటోలు చూసి మురిసిపోతున్నారు. 400 మీటర్ల సర్వీస్ రోడ్డు మీద నేర్చిన అలవాటు 120 వేగం దగ్గర ఏం చేస్తుందో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

ఊరికే తిట్టి వదిలేయడం నాకిష్టం లేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను ఐదు తీర్మానాలు పెడుతున్నాను. ముందే చెబుతున్నాను, సిద్ధపడి రండి.

1. పాల కుర్రాడి వైద్యం ఖర్చు మొత్తం, పని చేయలేని నెలల జీతంతో సహా, గుద్దిన కారు యజమాని భరించాలి. ఆయన ఇవ్వకపోతే ముందు సంఘం నిధి నుంచి ఇచ్చి, ఆయన దగ్గర వసూలు చేయాలి. కుర్రాడు కేసు పెట్టాలనుకుంటే గేటు కెమెరా వీడియో సంఘమే ఇవ్వాలి. దాచకూడదు.

2. యూటర్న్ దగ్గరగా కావాలని, సర్వీస్ రోడ్డుకు దీపాలు కావాలని హైవే అథారిటీకి, స్థానిక ఎమ్మెల్యేకి సభ్యులందరి సంతకాలతో అర్జీ. చుట్టుపక్కల కన్నడిగుల లేఅవుట్లనూ కలుపుకుందాం. ఈ బాధ అందరిదీ.

3. ఎదురుదారిలో వచ్చిన కారును గేటు దగ్గర సెక్యూరిటీ ఆపి, వెనక్కి తిప్పి పంపాలి. అధ్యక్షుల వారి కారైనా సరే. సెక్యూరిటీ అబ్బాయిని తిట్టినవాళ్ళ పేరు నోటీసు బోర్డు మీద.

4. సంఘం వనభోజనాలకు, తిరుపతి యాత్రకు పెట్టే బస్సుల్లో, ఉన్న ప్రతి బెల్టూ పనిచేయాలి, రాత్రంతా నడిపిన డ్రైవరు పొద్దున మళ్ళీ నడపకూడదు. ఈ రెండూ రాతలో లేకపోతే అడ్వాన్సు ఇవ్వొద్దు.

5. విదేశీ యాత్రల గురించి సంఘంలో మాట్లాడే ప్రతి జంటా, ఫొటోలతో పాటు, అక్కడ పాటించి ఇక్కడ పాటించని నియమం ఒక్కటైనా చెప్పాలి. మొదటి వంతు మాదే. మా వారు ఒప్పుకున్నారు. ఎలా ఒప్పుకున్నారని అడగకండి.

ఆడవాళ్ళతో ప్రత్యేకంగా ఒక మాట. "చెబితే వినరండీ" అని మీరంతా నాతో అన్నారు. ఇటలీలో విన్నారు కదా! అక్కడ పక్క సీటు మాటకు విలువుంది, ఎందుకంటే ఆ మాట వెనక జరిమానా ఉంది. ఇక్కడ జరిమానా లేదు కాబట్టి మన మాట వెనక మనమే నిలబడాలి. కారు ఎదురుదారికి తిరగగానే "ఆపండి, నేను దిగి నడిచి వస్తాను" అనండి. 400 మీటర్లే కదా, నడవగలం. రెండుసార్లు దిగితే మూడోసారి కారే చుట్టి వస్తుంది.

ఈ పోస్టు చదివి "మన పరువు మనమే తీసుకోవడమెందుకు" అనేవాళ్ళు ఉంటారు. పరువు పోయింది రెండు నెలల కిందట, తెల్లవారుజామున, సర్వీస్ రోడ్డు మీద పాలు ఒలికినప్పుడు. నేను అడుగుతున్నది దాన్ని తిరిగి తెచ్చుకుందామని. సమావేశంలో కలుద్దాం. యూటర్న్ మీదుగా రండి.